ఇంద్రజకు తొంభై అయిదు వచ్చిన సాయంత్రం

ఇంద్రజ దిగాల్సిన మాచర్ల బస్సు ఏడింటికి గానీ రాదు. ఇప్పుడు ఆరు దాటి నాలుగు నిమిషాలైంది. చేతిలో ఫోను వెలుగుతూనే ఉంది. దాని మీద ఇంద్రజ ఫోటో, పేరు, పుట్టిన తేదీ, వాటి కింద పర్సంటైల్ అన్న గడిలో తొంభై అయిదు పాయింట్ రెండు ఏడు. మోటార్లు బాగుచేసే తన కొట్టులో కూర్చుని రవిశంకర్ ఆ అంకెను మూడోసారి చదివాడు. అయిదున్నర నుంచి ఆ సైటు తెరుచుకోక, దేశంలో ఎంబీఏ ప్రవేశ పరీక్ష రాసిన వాళ్ళంతా ఒక్కసారే దాని మీద పడి ఉంటారనుకుంటూ, ఒక చేత్తో కాలిపోయిన మోటారులోంచి పాత రాగితీగ లాగేస్తూ, ఇంకో చేత్తో ఫోనును నొక్కుతూ కూర్చున్నాడు. తెరుచుకున్నాక అంకె చూశాడు. చూసి, పేజీని మూసి మళ్ళీ తెరిచాడు. రెండుసార్లు అలా చేశాడు, రెండుసార్లూ అదే అంకె వచ్చింది. అది మారుతుందని ఎందుకనుకున్నాడో, ఎటు మారాలని కోరుకుని మళ్ళీ తెరిచాడో ఆలోచించడం ఇష్టం లేక ఫోనును బల్ల మీద బోర్లించి పెట్టాడు. తీగ చుట్టుకొచ్చే ఖాళీ చెక్కచక్రం మీద కూర్చుని పలక మీద ఏదో గీస్తున్న లిఖిత తలెత్తి, "అమ్మ ఫోటో ఎందుకొచ్చింది నాన్నా?" అంది. దానికి అయిదేళ్ళు, దాని కంటపడకుండా ఏదీ పోదు. "ఊరికే వచ్చిందిలేమ్మా," అన్నాడు. ఊరికే అనే మాట పొద్దున ఇంద్రజ కూడా అంది.

పొద్దున ఏడుంబావుకి, బస్టాండులో, నరసరావుపేట బస్సు కండక్టరు ఇక పదండి పదండి అంటుంటే, ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగి చెప్పింది. "ఇయ్యాల సాయంత్రం ఇస్తారంటన్నారు బావా. నేను ఫోన్ ఆపేసుకుంటా. నువ్వు చూడు. ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పమాక. నేను దిగినాక చెప్పు."

"అదేంది, నువ్వు చూసుకోవా?"

"నువ్వే చూడు."

"ఎందుకట్టా?"

"ఊరికే," అని ఎక్కేసింది. కిటికీ పక్కన చోటు దొరికిందో లేదో తెలియలేదు, అద్దాలకు మంచు పట్టి ఉంది. మేనమామ కూతురు, లంగా ఓణీ వేసుకోక ముందు నుంచీ ఎరిగిన మనిషి, పెళ్ళయ్యి ఏడేళ్ళు, అయినా ఆ ఊరికే అన్న మాట వెనకాల ఏముందో పొద్దుటి నుంచీ అంతు పట్టలేదు. అంతకుముందే ఒక చిన్న కాగితం మీద లాగిన్ నంబరు, పాస్‌వర్డు రాసి అతని చొక్కా జేబులో పెట్టింది. పాస్‌వర్డు లిఖిత పుట్టిన రోజు. భయపడి తప్పించుకుంటోందా అనుకున్నాడు. కానీ ఇంద్రజ భయపడితే గోళ్ళు కొరుకుతుంది, పొద్దున చేతులు రెండూ కదలకుండా ఉన్నాయి.

పోయినేడాది ఫలితం చూసుకున్నప్పుడు ఆ చేతులే ఉన్నాయి ఈ బల్ల మీద. ఇదే కొట్టు, ఇదే ట్యూబులైటు, ఎదురుగా అప్పుడు కూడా ఎవరో రైతు దించిపోయిన మోటారు. ఇంద్రజ అతని పక్కనే స్టూలు మీద కూర్చుని తనే తెరిచింది. అరవై ఒకటి పాయింట్ నాలుగు. చున్నీ చివరతో ఫోను అద్దాన్ని తుడిచింది, అంకె మీద దుమ్ము పడి ఉందన్నట్టు. "పోనీలే ఇందూ," అన్నాడు అతను. గొంతు మామూలుగానే ఉంది. చిన్న పని ఉందని చెప్పి బయటికొచ్చాడు. సెంటర్లో మిరపకాయ బజ్జీలు అప్పుడే దించుతున్నారు, డజను కట్టించుకుని, వేడి పొట్లం చేతులు మార్చుకుంటూ తిరిగొచ్చాడు. పక్కన పంక్చర్ల కొట్టులో ఉండే రసూల్ మామకు రెండు ఇచ్చాడు. ఇంద్రజతో ఇంటికి వెళ్ళి అమ్మకు రెండు, లిఖితకు కారం లేని ముక్క తుంచి ఇచ్చాడు. నడక ఎంత తేలిగ్గా ఉందో ఆ రోజు. పిల్లకు జ్వరం తగ్గిందని డాక్టరు చెప్పినప్పుడు మెట్లు దిగిన నడకలా ఉంది. ఇంద్రజ ఒక బజ్జీ చేతిలోకి తీసుకుని, తినకుండా, "ఇయ్యాల బజ్జీలెందుకు బావా?" అంది.

"చలిగా ఉంది గదా."

ఆమె అతని మొహం వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో, అదే బాగుండేది. మోటారు ఎక్కడ కాలిందో అతను స్టేటరులోకి తొంగి చూస్తాడే, అలా చూసింది. చూసి, బజ్జీని మళ్ళీ కాగితంలో పెట్టి, మేడ మీద బట్టలు తీసుకొస్తానని వెళ్ళింది. అప్పుడు గాని అతనికి తెలియలేదు తను సంతోషంగా ఉన్నాడని. భార్య ఎక్కడికీ పోదని, ఆ అంకెతో ఏ కాలేజీ వాళ్ళూ పిలవరని, ఇంకెప్పుడూ ఇలాగే సాయంత్రం ఏడింటికి బస్సు దిగుతుందని, సంతోషపడి బజ్జీలు పంచాడు.

ఆమె కోరుకున్నదేమన్నా కాని కోరికా? నరసరావుపేటలో ఆ ఆస్పత్రిలో బీకాం అయిన వెంటనే చేరింది, ముందు బల్ల దగ్గర పేర్లు రాసుకునే పని. పెళ్ళయి కారంపూడి వచ్చినా మానలేదు. పల్లెటూళ్ళ నుంచి తెల్లారగట్ల వచ్చిన వాళ్ళు సాయంత్రం దాకా కూర్చుని ఆఖరి బస్సు పోగొట్టుకోవడం రోజూ చూసి, ఒక ఆదివారం తెల్లకాగితం మీద గీతలు గీసింది. ఏ ఊరి బస్సు ఎన్నింటికి, ఏ ఊరి వాళ్ళకు ఎన్నో టోకెను ఇవ్వాలి. దూరం వాళ్ళను ముందు పంపితే ఎవరెవరు ఇల్లు చేరతారు. పెద్ద డాక్టరు చూసి బాగుందమ్మా అని సొరుగులో పెట్టాడట. నాలుగు నెలలకు హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు, పెద్ద చోట ఎంబీఏ చేసినాయన. హాలులో తెర మీద రంగురంగుల్లో అదే బొమ్మ వేసి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంద్రజ నీళ్ళ సీసాల ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ రోజు రాత్రి అన్నం దగ్గర చెప్పింది. "ఆ బొమ్మ నాదే బావా. ఆయన చెప్తే విన్నారు." రవిశంకర్ అయితే ఇక్కడే నరసరావుపేటలో ఏదో కాలేజీలో ఎంబీఏకి చేరితే పోదా అన్నాడు. "ఆయన చదివినట్టాటి చోట చదివితేనే ఆయన ముందర నిలబడగలిగేది," అంది. పప్పులో నెయ్యి వేసుకుంటూ అంది, మామూలు మాటలా. ఆ మామూలు గొంతుకే అతనికి భయం పుట్టింది.

ఆరుంబావు. లిఖిత ఆకలంటోంది. డబ్బాలోంచి జంతికలు తీసి చేతికిచ్చాడు. కొత్త కాయిల్ మొదలుపెట్టాడు గానీ చుట్ల లెక్క తప్పింది, ఎన్ని వేశాడో గుర్తు లేదు, మొదటి నుంచి విప్పాలి. రేపు చేద్దాంలే అనుకున్నాడు. రేపు అంటే ఏంటో, రేపటి నుంచి ఈ ఊళ్ళో దేని లెక్క ఎలా ఉంటుందో. ఇంటర్వ్యూలు ఉన్నాయి ఇంకా, పిలవాలి, ఫిబ్రవరో మార్చో. కానీ పిలుస్తారని అతనికి తెలుసు. ఇంద్రజను ఒక గదిలో కూర్చోబెట్టి, ఎందుకు చదవాలనుకుంటున్నావమ్మా అని అడిగితే, ఆ బస్సుల బొమ్మ గురించి చెబితే, వినని వాళ్ళు ఉండరు. అంటే జూన్. జూన్ నుంచి రెండేళ్ళు. కాలేజీ విశాఖలో అయితే ఒక రాత్రి ప్రయాణం. రాయపూర్ అయినా పర్వాలేదు. లక్నో అంటే రైల్లోనే పగళ్ళు రాత్రులు గడిచిపోతాయట. ఆ ఊళ్ళను ఫోనులో మ్యాపు తెరిచి ఎన్నిసార్లు చూశాడో, కారంపూడి నుంచి నీలి గీత పైకి పాకుతూ పోవడం.

బజ్జీల సంగతి తర్వాత రెండు నెలలు ఆమె పుస్తకాలు ముట్టలేదు. అయినా అతను హాయిగా లేడు. ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజాము దాహమై లేచి వంటింట్లోకి వెళ్తే, గ్యాసు పొయ్యి పక్కన రాతి బండ మీద పుస్తకం పెట్టుకుని నిలబడి లెక్కలు చేస్తోంది. మళ్ళీ రాస్తున్నానని చెప్పలేదు. అతనూ అడగలేదు. ఆ ఉదయం కొట్టులోంచి పొడుగు బల్ల ఒకటి రసూల్ మామ సాయంతో మోసుకొచ్చి వరండాలో వేశాడు, పైన కొత్త ట్యూబులైటు బిగించాడు. ఇంద్రజ వచ్చి బల్ల మీద అరచేయి ఆనించి చూసింది. కొంచెం ఊగుతోంది. ఒక కాలి కింద అట్టముక్క మడిచి పెట్టింది. అంతే, ఆ రోజు నుంచి నాలుగున్నరకి ఇద్దరూ లేచేవాళ్ళు.

అతనికి ఆ లెక్కలు రావు. డిప్లమోలో నేర్చుకున్నవి మోటార్ల వరకే. ఇంగ్లీషు పేరాలు అసలే రావు. టైం పట్టేవాడు. నలభై నిమిషాల చొప్పున మూడు భాగాలు, ఫోనులో గంట పెట్టి, పక్కనే చాప మీద కూర్చుని చిన్న మోటారు కాయిల్స్ చుట్టుకునేవాడు. ఒక పరీక్షకని మేలుకుని చుట్టిన ఆ కాయిల్సన్నీ ఏ పొలాల్లో నీళ్ళు తోడుతున్నాయో. మొదటి నమూనా పరీక్షల్లో అరవై రెండు, అరవై, అరవై అయిదు. అంత చదివినా అంకె కదలడం లేదు. ఇంద్రజ కళ్ళ కింద నలుపు వచ్చింది. ఒక ఆదివారం ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు అతను లాప్‌టాప్‌లో ఆమె రాసిన పరీక్ష తెరిచి చూశాడు. ప్రశ్న ఒక్కోదానికి ఎంత సేపు పట్టిందో పక్కన గీతల్లో చూపిస్తోంది. అన్ని గీతలూ పొట్టిగా ఉన్నాయి, ఏడో ప్రశ్న గీత ఒక్కటి తాటిచెట్టంత ఉంది. తల తుడుచుకుంటూ వచ్చిన మనిషిని అక్కడే ఆపాడు.

"ఈ ఒక్క లెక్క కాడ పదకొండు నిమిషాలు కూర్చున్నావేంది?"

"వచ్చేట్టే ఉంది బావా. ఇంకొక్క అడుగు అనిపించింది."

"వచ్చిందా?"

"రాలా."

"దీని ఎనకాల నాలుగున్నయ్. అవి చూడనే లేదు నువ్వు. రాదని తెలిసినాక ఒదిలెయ్యి. కాలిపోయిన తీగ పట్టుకుని కూర్చుంటే మోటారు తిరిగిద్దా?"

"ఒదిలిపెట్టాలంటే మనసొప్పదు బావా. చేతగాక ఒదిలినట్టుంటది."

"ఒప్పించుకో."

అప్పటి నుంచి అదే వాళ్ళ పని. రెండు నిమిషాలకు ఒకసారి అతను స్క్రూడ్రైవరుతో బల్ల కాలిని టక్కుమని కొట్టేవాడు. ఆ చప్పుడుకి ఇంద్రజ తేల్చుకోవాలి, ఉండాలో వదలాలో. మొదట్లో ప్రతిసారీ ఉలిక్కిపడేది, ఒక్కోసారి పెన్ను విసిరేది, ఒకసారి "కొట్టమాక, నరాలు తెగుతున్నయ్" అని ఏడ్చింది. తర్వాత చప్పుడుకి ముందే వదిలేయడం వచ్చింది. ఏ ప్రశ్న తనది, ఏది కాదు అని చూడగానే తెలిసేది, సంతలో వంకాయ చూసి పుచ్చు చెప్పే అమ్మలాగా. అరవై ఎనిమిది, డెబ్బై నాలుగు, డెబ్బై మూడు, ఎనభై. కొట్టు గోడ మీద రైతుల ఫోను నంబర్ల పక్కన పెన్సిల్‌తో రాసేవాడు. సెప్టెంబరులో ఎనభై ఆరు వచ్చిన రోజు ఆమె వరండాలో ఒంటి కాలి మీద గెంతింది, లిఖిత తొక్కుడుబిళ్ళ ఆడినట్టు, ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ రోజు రాసిన ఎనభై ఆరు గోడ మీద కొంచెం వంకరగా ఉంటుంది.

అమ్మ చూస్తూనే ఉంది. అలివేలమ్మ మాటల్లో దాపరికం లేదు. ఒక రోజు పొయ్యి దగ్గర, ఇంద్రజ బస్సుకి వెళ్ళిపోయాక, "ఒరేయ్ శంకరా, నా అన్న కూతురని నేనంటం కాదుగానీ, ఆ పిల్లకి తెలివుంది. పోయిద్ది. నువ్వే దగ్గరుండి పంపిస్తన్నావు. తర్వాత నన్ను పట్టుకుని ఏడవమాక," అంది. అతను నవ్వేసి టీ తాగాడు. ఎలా చెప్పాలి అమ్మకి, ఆ తెల్లవారుజాముల్లాంటివి ఏడేళ్ళ కాపురంలో ఎప్పుడూ లేవని. అంతకు ముందు ఇద్దరూ కలిసేది అలసిపోయిన సాయంత్రాల్లోనే, కూరేంటి, పిల్ల అన్నం తిన్నదా, కరెంటు పోయిందా. నాలుగున్నరకి మాత్రం ఆమె ముఖం కడుక్కుని వచ్చి కూర్చునేది, ముంగురుల నుంచి నీళ్ళు పుస్తకం మీద పడితే మోచేత్తో అద్దుకునేది. లెక్క తెగే ముందు నాలుకతో ఒక చిన్న చప్పుడు చేసేది, అది విని అతనికి తెలిసేది, వచ్చేసింది అని. ఇంగ్లీషు పేరాలు పైకి చదివితే బుర్రకెక్కుతాయని పైకి చదివేది. తిమింగలాల గురించి, పాత నగరాల్లో నీటి పంపకాల గురించి, నవ్వు ఎందుకొస్తుందో కనుక్కున్న వాళ్ళ గురించి. అతనికి పావు వంతు అర్థమయ్యేది. చదవడం ఆపి తెలుగులో చెప్పేది. బయట రోడ్డు మీద మొదటి పాల బండి పోయేది. ఆమెను పంపించే పని చేస్తూ చేస్తూనే ఆమెను కొత్తగా చూడటం నేర్చుకున్నాడు. పరీక్ష అయిపోయిన నవంబరు ఆఖరి ఆదివారం తర్వాత, సోమవారం నాలుగున్నరకి ఇద్దరికీ మెలకువ వచ్చింది. చేయడానికి ఏమీ లేదు. చీకట్లో అలాగే పడుకుని ఉన్నారు. ఆమె అతని చేతిని తీసి తన బుగ్గ కింద పెట్టుకుంది.

ఆరున్నర. షట్టరు దించి, లిఖితను ఎత్తుకుని రోడ్డు మీదికి వచ్చాడు. చలి మొదలైంది, పత్తి లోడుతో ట్రాక్టరొకటి పోతే దూది పీచు గాల్లో తేలుతోంది. రసూల్ మామ టైరు నీళ్ళలో ముంచి బుడగలు చూసుకుంటున్నాడు. బాగు చేయడానికి వచ్చిన బండి అద్దంలో రవిశంకర్‌కి తన మొహం కనిపించింది. ఆగాడు. నవ్వాడు. ఆ నవ్వు అతికించినట్టుంది. పెదాలు కొంచెం తగ్గించి చూశాడు. సంతోషంగా ఉన్న మనిషి కళ్ళు ఎలా ఉంటాయో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు.

"ఏందిరా, పన్ను నొప్పా?" అన్నాడు రసూల్ మామ.

"లేదు మామా."

"అమ్మాయి పరీక్ష సంగతి ఇయ్యాలన్నావే. ఏమైంది?"

చెప్పబోయాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముందుగా ఆమెకు తెలియాలి. "ఇంకా రాలా మామా," అన్నాడు. చంకలో లిఖిత, "వచ్చింది గదా నాన్నా, అమ్మ ఫోటో," అంది. రసూల్ మామ ఇద్దరినీ ఒకసారి చూసి, టైరు మీదికి వంగి, "సర్లే, ఎల్లు, బస్సొచ్చే టైమైంది," అన్నాడు.

బస్టాండులో సిమెంటు బెంచీ చల్లగా ఉంది. లిఖితను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తువ్వాలు కప్పాడు. ఇది నిద్రపోయే ముందు అమ్మ చెవి పట్టుకుంటుంది, కుడి చెవి, తమ్మె దగ్గర. రెండేళ్ళు ఎవరి చెవి పట్టుకుంటుంది. తన చెవి గరుగ్గా ఉంటుంది, ఒప్పుకుంటుందా. వీడియోలో చూపిస్తే చెవి పట్టుకోవడానికి రాదు కదా. ఇవన్నీ ఇంద్రజ అనుకోలేదని కాదు, ఆమె ఎక్కువే అనుకుని ఉంటుంది, అన్ని బస్సు ప్రయాణాల్లో కిటికీ పక్కన. ఆమె దారి తనకు నోటికొచ్చు. ఈ పాటికి నకరికల్లు దాటి ఉంటుంది. ఆ తర్వాత రోడ్డు చీకటి, రెండు పక్కలా మిరప చేలు, బస్సులో లైట్లు తీసేస్తారు. ఆ చీకట్లో ఆపేసిన ఫోను సంచిలో పెట్టుకుని, తన అంకె తనకు తెలియకుండా కూర్చుని వస్తోంది. బస్సులో మిగతా వాళ్ళకు చెప్పినా నమ్మరు, ఏడాది కష్టపడ్డ దాని ఫలితం తెలుసుకోవడానికి ఒక మనిషి మొహం దాకా ప్రయాణం చేసి వస్తోందని.

మొహం దాకా. ఆ మాట అనుకోగానే అతనికి తట్టింది. పొద్దున ఊరికే అన్నది ఇదీ. అంకె ఎప్పుడు కావాలన్నా చూసుకోవచ్చు. ఆమె చూడాలనుకున్నది అతన్ని. బజ్జీల నాటి మొహాన్ని ఆమె ఏడాదిగా ఎక్కడో దాచి పెట్టుకుంది. ఎక్కువ వచ్చిందని తెలిసిన మొహం ఎలా ఉంటుందో, తక్కువ వచ్చిందని తెలిసిన మొహం ఎలా ఉంటుందో, తను దిగగానే చదవాలని. తెల్లవారుజామున బల్ల కాలిని టక్కుమని కొట్టిన చెయ్యి నిజమా, డజను బజ్జీలు కట్టించిన చెయ్యి నిజమా. అతనికే తెలియదు. రెండూ ఇవే చేతులు. నవ్వుతూ నిలబడితే అబద్ధమని పట్టేస్తుంది. నవ్వకుండా నిలబడితే పోయినేడాదిలాగే తను ఓడాలని కోరుకున్నాడనుకుంటుంది. పర్వాలేదు, పోనీలే, మంచిదేగా, ఎన్ని మాటలు వరసగా పెట్టి చూసినా ఏదీ నోట్లో నిలవలేదు. ఒళ్ళో పిల్ల లేకపోతే లేచి ఇంటికి పోయేవాడేమో. బస్సు ఆలస్యమైతే బాగుండు అనుకున్నాడు. ఏడింటికి ముందే రావాలనీ అనుకున్నాడు. ఇంద్రజను చూసి పన్నెండు గంటలు కూడా కాలేదు, అప్పుడే ఏళ్ళయినట్టుంది. మరి జూన్‌లో ఎలా.

బస్సు ఏడూ పదికి వచ్చింది. లిఖితను చంకనేసుకుని లేచాడు. ముందు దీపాలు, తర్వాత దుమ్ము, తర్వాత లోపల లైట్లు వెలిగి ఒక్కసారిగా మొహాలన్నీ కనిపించాయి. ఇద్దరు ముసలివాళ్ళు, ఎరువుల సంచితో ఒక రైతు, యూనిఫారంలో ఆడపిల్లలు దిగారు. ఆఖరున ఇంద్రజ దిగింది. "అమ్మా," అని లిఖిత చేతులు చాపింది. ఎప్పుడూ ముందు పిల్లను అందుకునే మనిషి, ఈ రోజు పిల్ల వంక చూడలేదు. రెండడుగుల దూరంలో ఆగి అతన్ని చూసింది.

మంచి మార్కులొచ్చినయ్ ఇందూ అనాలని అనుకున్నాడు. "తొంభై అయిదు," అన్నాడు. ఆ రెండు మాటలు బయటపడేసరికి మొహం తన మాట వినలేదు. కళ్ళు నిండి చెంపల మీదికి కారాయి. పిల్ల తువ్వాలులో మొహం దాచుకోబోయాడు, దాచుకోవడానికి చెయ్యి ఖాళీగా లేదు.

"తొంభై అయిదా?"

"తొంభై అయిదు పాయింట్ రెండు ఏడు."

బస్సు కదిలిపోయింది. ఇంద్రజ ఆ దుమ్ములో అలాగే నిలబడి ఉంది.

"పోయినేడు అరవై ఒకటొచ్చిన రోజు నాకు సంతోషమేసింది ఇందూ. నీకు చెప్పలా. బజ్జీలు అందుకే తెచ్చా."

"తెలుసు."

"తెలుసని తెలుసు."

"ఆ రోజు నీ మొహం చూసినాకే మళ్ళీ రాయాలనిపించింది బావా. నేను ఓడిపోతే సంతోషపడే మనిషి పక్కన బతకలేననుకున్నా రెండు నెల్లు. అప్పుడు నువ్వు బల్ల తెచ్చి ఏశావు." చున్నీతో ముక్కు తుడుచుకుంది. "ఇయ్యాల సంతోషంగా ఉందా?"

అతను అబద్ధం వెతుక్కోలేదు. "ఉంది. చానా ఉంది. కానీ నువ్వు పోతే నేనెట్టా ఉంటానో నాకు తెలవట్లా. పిల్ల ఎట్టా పడుకుంటదో తెలవట్లా. పొద్దున్నే నాలుగున్నరకి మెలకువొస్తే ఏం చెయ్యాలో తెలవట్లా."

ఇంద్రజ ముందుకొచ్చి, బస్టాండులో జనం ఉన్నారని కూడా చూడకుండా, అరచేత్తో అతని చెంప తుడిచింది. ఆమె చేతికి ఆస్పత్రి సబ్బు వాసన ఉంది.

"నవ్వుతా నిలబడి ఉంటావేమోనని దారంతా భయంగా ఉంది," అంది. "నవ్వి ఉంటే అది అబద్ధమని తెలిసిపోయేది, నీ మనసులో ఏముందో తెలవకుండా నేను పోలేకపోయేదాన్ని. ఇప్పుడు పోగలను."

లిఖిత అమ్మ మెడ మీదికి వంగి చేరిపోయింది. ముగ్గురూ నడిచారు. సెంటరు దాటి సందులోకి తిరిగారు. స్తంభం కింద వెలుగు ఉన్న చోట ఇంద్రజ ఆగింది.

"లెక్కల్లో ఎంతొచ్చింది?"

అతనికి తెలియదు. పైన ఉన్న పెద్ద అంకె ఒక్కటే చూశాడు, కిందికి జరపలేదు. ఆ మాట చెబితే ఆమె నవ్వింది, బస్సు దిగాక మొదటిసారి. జేబులోంచి ఫోను తీసి ఇచ్చాడు. పిల్ల బరువుకు ఒక పక్కకి ఒరిగి, వేలితో తెరను పైకి తోస్తూ, ఆమె ఒక్కొక్క భాగం పేరూ దాని పక్కన అంకే పైకి చదవడం మొదలుపెట్టింది. తెల్లవారుజామున పేరాలు చదివే గొంతు అదే, ప్రతి అంకె చివరా కొంచెం లేస్తుంది. అతను అంకెలు వినడం మానేసి ఆ గొంతు వింటూ నిలబడ్డాడు. చదవడం అయిపోయి, "ఏంది బావా, విన్నావా?" అని అడిగింది.

"సరిగ్గా వినపళ్ళా," అన్నాడు. "మళ్ళీ చదువు."

ఆమె మొదటి నుంచి చదివింది.